ఆకాశహర్మ్యం ఎక్కినవాళ్లు ఎవరూ ఆ మాట అనరు

"ఆకాశహర్మ్యానికి పర్యాయపదాలు ఏవి? రోజువారీ మాటల్లో దేన్ని ఎక్కువ వాడతారు?" అని అడిగారు. పరీక్ష కోసమైతే భవనం, భవంతి, సౌధం, మేడ, మిద్దె, బహుళ అంతస్తుల భవనం అని వరసగా రాసేయండి, మార్కులు పడతాయి. నోటి మాటకొస్తే మాత్రం వీటిలో ఏ రెండూ ఒకటి కావు.

మాది పెనుమూరు పక్కన పల్లె, ఉండేది తిరుపతిలో. మా చిత్తూరు వైపు మిద్దె అంటే ఎత్తు కాదు, కప్పు. కొట్టం కాకుండా, పెంకుటిల్లు కాకుండా, పైన చదునుగా ఉండి వడియాలు పెట్టుకునేట్టు ఉంటే ఒక్క గదైనా మిద్దే. "వాళ్లు మిద్దె కట్టినారు" అంటే చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయని అర్థం. నగరి, పుత్తూరు వైపు బంధువులు మాడి అంటారు, అది తమిళం గాలి. కోస్తా వాళ్లకి మేడ, డాబా. ఇన్ని మాటలు ఒకే రోజు ఒకే మెట్ల మీద కలిస్తే ఏమవుతుందో మా గృహప్రవేశం రోజు చూశాను.

తిరుచానూరు రోడ్డు వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొన్నాం, థర్డ్ ఫ్లోర్. మా అవ్వకి ఫోన్‌లో "మూడో మిద్దె" అని చెప్పాను. ఆ రోజు లిఫ్ట్ పనిచేయలేదు. (నెలనెలా మెయింటెనెన్స్ డబ్బులు మాత్రం ఒక్కరోజు ఆలస్యమైనా వాట్సాప్ గ్రూపులో పేరు పెడతారు. అది వేరే కథ.) చిన్నాన్న ఆటోవాడితో బేరం తేల్చుకునేలోపు అవ్వ ఆగలేక మెట్లెక్కేసింది. కింద కార్లు పెట్టేచోటు ఆమె లెక్కలో ఒక మిద్దె. నెత్తిన స్లాబ్ ఉంది కదా మరి! ఫస్ట్ ఫ్లోర్ రెండు, సెకండ్ ఫ్లోర్ మూడు. అక్కడ ఒక గుమ్మానికి మామిడాకుల తోరణం, బయట బోలెడు చెప్పులు. ఆమె లోపలికి పోయి కూర్చుంది. నిజానికి వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. ఎవరి తరఫు పెద్దావిడో అనుకుని కాఫీ ఇచ్చి, పసుపు కుంకుమ కూడా పళ్లెంలో పెట్టి తెచ్చారు.

పైన మేము పాలు పొంగించడం ఆపి అవ్వ ఏదీ అని వెతుకుతున్నాం. చివరికి కింద ఆమె గొంతు వినిపించింది. "ఏం నాయనా, మూడో మిద్దె అంటివి కదా, మూడూ లెక్కబెట్టుకొనే ఎక్కినా" అని నా మీదే అరిచింది. నగరి నుంచి వచ్చిన మామ "నాలుగో మాడి అని చెప్పుంటే సరిపోయేది" అన్నాడు. మా తమ్ముడు "థర్డ్ ఫ్లోర్ అంటే థర్డ్ ఫ్లోరే" అని వాదించాడు. ఆ ఇంటావిడేమో "పోనీలెండి, మామ్మగారు మేడలెక్కి అలిసిపోయారు, కాఫీ తాగనివ్వండి" అంది. మా అవ్వకి ఆవిడ మాట ఒక్కటే నచ్చింది.

అవ్వ లెక్కే తెలుగు లెక్క అని నేను గట్టిగా చెప్తాను. మనం "రెండంతస్తుల మేడ" అన్నప్పుడు కింది ఇంటిని కూడా కలిపే లెక్కపెడతాం. ఫస్ట్ ఫ్లోర్ అన్నప్పుడు మాత్రం కిందిదాన్ని వదిలేస్తాం. అది ఇంగ్లిష్ వాళ్ల అలవాటు. అందుకే "మూడో అంతస్తు" అని తెలుగులో రాస్తే ఏ మూడో చెప్పలేం. పైగా అంతస్తుకి హోదా అనే అర్థం కూడా ఉందాయె. "వాళ్ల అంతస్తుకి మనం తూగం" అని పెళ్లి సంబంధాల దగ్గర అంటారే, అది.

ఇక ఆకాశహర్మ్యం. ఇది పేపర్ మాట. పద్నాలుగు అంతస్తులు లేస్తే చాలు విలేకరులు ఆకాశహర్మ్యం అని రాసేస్తారు. వాళ్లని పూర్తిగా తప్పు పట్టలేం లెండి. 1885లో చికాగోలో కట్టిన హోమ్ ఇన్సూరెన్స్ బిల్డింగ్‌ని చాలామంది మొదటి ఆకాశహర్మ్యంగా చెప్తారు. కట్టినప్పుడు దానికి ఉన్నది పదంతస్తులే. గోడల మీద కాకుండా లోపలి లోహపు చట్రం మీద బరువు నిలబెట్టడం, మనుషులు ఎక్కే లిఫ్ట్ రావడం, ఈ రెండూ కలిస్తేనే ఆ ఎత్తు సాధ్యమైంది. స్కైస్క్రేపర్ అనే ఇంగ్లిష్ మాట అప్పటిదే, ఎత్తు మాత్రం పెరుగుతూ పోయి దుబాయ్‌లో 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా దాకా వచ్చింది. మా ఊరినుంచి గల్ఫ్‌కి పోయినవాళ్లు దాన్ని కూడా "ఆ పెద్ద టవర్" అంటారు. పెద్ద బిల్డింగ్, టవర్ అంతే. హర్మ్యం అన్నవాణ్ని నేను చూడలేదు.

మా వైపు ఎత్తుకి అసలైన మాట గాలిగోపురం. శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఏడంతస్తుల గోపురాన్ని అందరూ గాలిగోపురమనే అంటారు. అది 2010 మేలో కూలినప్పుడు మా ఇళ్లల్లో పెద్దవాళ్లు ఇంట్లో మనిషి పోయినట్టు కూర్చున్నారు. కొత్తది 2017లో లేచింది, దాన్నీ గాలిగోపురమే అంటున్నారు. అలిపిరి మెట్లెక్కినా గాలిగోపురం దాకా వచ్చామా లేదా అనే అడుగుతారు. ఊహల్లో కట్టుకునేవి కూడా గాలిమేడలే, గాలిహర్మ్యాలు కావు.

బిల్డర్ల సంగతి చెప్పకుండా ఉండలేను. కింద పార్కింగ్, పైన ఐదు ఫ్లోర్లు. దానికి పేరు టవర్స్, లేకపోతే హైట్స్, ఇంకా ముదిరితే స్కై అని మొదలుపెట్టి ఏదో ఒకటి. మా బాల్కనీలోంచి శేషాచలం కొండ కనిపిస్తుందని ఫ్లాట్ అమ్మారు. రెండేళ్లు తిరక్కుండానే ఎదురుగా ఇంకో హైట్స్ లేచింది. ఇప్పుడు కొండ చూడాలంటే మిద్దె మీదికి పోవాల్సిందే, అక్కడేమో వాటర్ ట్యాంకులు.

కింద ఎవరో ఒకరు "గగనచుంబి మంచి మాట కదా" అని కామెంట్ పెడతారని తెలుసు. కన్నడ పేపర్లలో బాగానే నడుస్తుంది, వాళ్లని నడుపుకోనివ్వండి. మీరు కథ రాస్తుంటే పాత్ర ఏ ఊరిదో చూసుకుని మిద్దె, మేడ, బిల్డింగ్ వాడండి. అడ్రస్ చెప్తుంటే మాత్రం "పార్కింగ్ వదిలేసి మూడోది" అనండి, లేదా డోర్ నంబర్ ఇచ్చేయండి.