పావుగంట నడిచి ఆగిపోయే బోటు మోటార్: పిల్లలతో నీళ్ల మధ్యలో ఉన్నప్పుడు ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. నాన్నగారినీ పిల్లల్నీ తీసుకుని చిన్న బోటులో చేపలు పట్టడానికి వెళ్లారు. బోటు వెనక తగిలించే అవుట్‌బోర్డ్ మోటార్ పావుగంట చక్కగా నడిచి, చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. కాసేపాగి తాడు లాగితే స్టార్ట్ అయింది, కొంత దూరం వెళ్లాక మళ్లీ అదే వరుస. చివరికి ఇంకో బోటువాళ్లు లాక్కొచ్చి ఒడ్డున చేర్చారు. ఇంటికి తెచ్చి స్టార్ట్ చేస్తే ఏ లోపమూ కనిపించడం లేదు. కారణం ఏమిటి, మళ్లీ ఇలా జరిగితే నీళ్ల మీదే ఏం చేయాలి అని అడిగారు.

నా సమాధానం ముందే చెప్తాను. ఇది చాలావరకు పెట్రోల్ సరిగా అందకపోవడమే. ఇంజిన్ పాడైందన్న దిగులు ఇప్పుడే వద్దు. స్విచ్ ఆపేసినట్టు ఒక్కసారిగా ఆగితే కరెంటు వైపు చూడాలి. మీది నీరసపడుతూ ఆగింది, కాసేపాగితే మళ్లీ లేచింది. అంటే ఎక్కడో పెట్రోల్ దారి సన్నబడింది. ఇంటి దగ్గర బాగా నడవడానికి కారణం కూడా అదే. అక్కడ లోడు లేకుండా నెమ్మదిగా తిప్పుతారు కాబట్టి సన్నటి దారిలో వచ్చే పెట్రోల్ సరిపోతుంది. నలుగురిని ఎక్కించుకుని వేగంగా వెళ్లేటప్పుడు సరిపోదు. అందుకే ఒడ్డున చేసిన పరీక్షను నమ్మి మళ్లీ బయల్దేరకండి.

మాకూ అచ్చం ఇలాగే జరిగింది. నేను, మా ఆవిడ, మామగారు, ఇద్దరు పిల్లలు బోటులో ఉన్నాం. చేపలు పడే చోటు మారుద్దామని బయల్దేరిన కొద్దిసేపటికి మోటార్ గొణుగుతూ ఆగిపోయింది. అప్పటికి గాలి లేచింది, బోటు నెమ్మదిగా రాళ్ల వైపు జరుగుతోంది. మామగారు వెంటనే మోటార్ మూత తీయబోయారు. "ముందు లంగరు వేద్దాం మామయ్యా, తర్వాత చూద్దాం" అన్నాను. నీళ్ల మీద మోటార్ ఆగితే మొదట చేయాల్సిన పని అదేనని ఇప్పటికీ నా గట్టి నమ్మకం. మోటార్ చూస్తూ కూర్చుంటే అరగంట ఎలా గడిచిందో తెలియదు. ఆ అరగంటలో గాలి, ప్రవాహం బోటును ఎక్కడికైనా తీసుకుపోతాయి. లంగరు పట్టుకుంటే మీకు సమయం దొరుకుతుంది, పిల్లలకు ధైర్యం వస్తుంది, మీ చేతులు వణకవు.

లంగరు ఎప్పుడూ బోటు ముందు వైపు నుంచే వేయండి. మోటార్ బరువు వల్ల వెనక భాగం ముందే కిందికి దిగి ఉంటుంది. అటు నుంచి కడితే అలలు నేరుగా లోపలికి కొడతాయి. తాడు పొడవు నీటి లోతుకు ఐదు రెట్లైనా ఉండాలి, గాలి ఉంటే ఏడు రెట్లు. నాలుగు మీటర్ల లోతుకు ఇరవై నుంచి ఇరవై ఎనిమిది మీటర్లన్నమాట. పొట్టి తాడుతో వేస్తే లంగరు నేలను పట్టుకోకుండా ఈడ్చుకుపోతుంది. వేశాక ఒడ్డున ఏదైనా చెట్టునో రాయినో గుర్తు పెట్టుకుని, బోటు కదులుతోందా అని చూస్తుండాలి. ఆ పని మా పెద్దబ్బాయికి అప్పగించాం. పిల్లలకు నిజమైన పని ఒకటి ఇస్తే భయం సగం తగ్గుతుంది.

ఇంకొకటి. అందరూ మోటార్ చుట్టూ మూగకూడదు. చిన్న బోటులో ఇద్దరు పెద్దవాళ్లు వెనక్కి వచ్చి వంగితే చాలు, వెనక అంచు నీటికి ప్రమాదకరంగా దగ్గరవుతుంది. ఒక్కరే మోటార్ దగ్గర ఉండాలి, మిగిలినవాళ్లు మధ్యలో కిందికి కూర్చోవాలి. లైఫ్ జాకెట్ తీసేసిన వాళ్లెవరైనా ఉంటే ఆ క్షణమే వేయించండి. మోటార్ బాగు చేసేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. వెనక్కి వంగి పని చేసేది వాళ్లే, నీళ్లలో పడే అవకాశం ఎక్కువున్నదీ వాళ్లకే.

ఇక పెట్రోల్ సంగతి. ట్యాంకు నుంచి మోటార్‌కు వెళ్లే పైపు మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బల్బు ఉంటుంది కదా, సగం జబ్బు అదే చెప్పేస్తుంది. మోటార్ ఆగిన వెంటనే, దేన్నీ ముట్టుకోకముందే దాన్ని చూడండి. చప్పిడిగా లోపలికి పీల్చుకుపోయి ఉంటే అడ్డంకి బల్బుకు ముందు, అంటే ట్యాంకు వైపు ఉంది. ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి చొరబడుతోంది, లేదా బల్బు లోపలి వాల్వు పోయింది, లేదా ట్యాంకులో పెట్రోలే లేదు. గట్టిగా ఉండి కూడా మోటార్ ఆగుతుంటే అడ్డంకి బల్బు దాటాక ఉంది. అంటే మోటార్‌కు పైపు తగిలించే కనెక్టరో, ఫిల్టరో, కార్బురేటరో. ఆగబోతున్నప్పుడు బల్బు నొక్కుతూ ఉంటే మోటార్ మళ్లీ పుంజుకుంటోందా? అలాగైతే పెట్రోల్ పంపు బలహీనపడి ఉండొచ్చు, లేదా పైపులో గాలి పీలుస్తూ ఉండొచ్చు. బల్బు నొక్కేటప్పుడు దాని మీది బాణం గుర్తు పైకి చూసేలా నిలువుగా పట్టుకోండి. లోపలి వాల్వులు అప్పుడే సరిగా పని చేస్తాయి.

మా బల్బు చప్పిడిగా పీల్చుకుపోయి ఉంది. మొదట ట్యాంకు మూత మీది గాలి మర చూశాను. అది బిగించి ఉంటే పెట్రోల్ తగ్గేకొద్దీ లోపల గాలి చేరక, మూత బిగించిన సీసాలోంచి స్ట్రాతో పీల్చినట్టు అవుతుంది. కొంతసేపు వస్తుంది, తర్వాత రాదు. కాసేపు వదిలేస్తే ఏ సందులోంచో గాలి దూరి మళ్లీ నడుస్తుంది. పావుగంట నడిచి ఆగే మోటార్లలో తరచుగా కనిపించే కారణం ఇది. మూత కొంచెం వదులు చేసినప్పుడు బుస్సుమని గాలి లోపలికి పోతే ఇక సందేహం అక్కర్లేదు. మాది మాత్రం తెరిచే ఉంది. పైపు వెంట వేలు పెట్టి వెతుక్కుంటూ పోతే అసలు సంగతి బయటపడింది. చోటు మార్చేటప్పుడు పిల్లలు కూర్చోవడానికి వీలుగా చేపల పెట్టెను పక్కకు జరిపారు, అది సరిగ్గా పైపు మీద కూర్చుంది. పెట్టె తీసి, పైపు సాఫీ చేసి, బల్బు గట్టిపడేదాకా నొక్కి తాడు లాగితే మోటార్ అందుకుంది. కుటుంబంతో వెళ్లినప్పుడు సామాను ఎక్కువ, కదిలేవాళ్లు ఎక్కువ. అందుకని మీరు కూడా పైపు దారి మొత్తం ఒకసారి చూడండి. దాని మీద ఏ కాలూ, ఏ సంచీ పడకుండా బోటు గోడ వెంట కట్టేయండి.

కొన్నాళ్లకు అదే లక్షణం మళ్లీ కనిపించింది, ఈసారి పైపు మీద ఏమీ లేదు. పైపు కోసి చూస్తే లోపలి పొర ఊడి ముద్దగా అడ్డం పడి ఉంది. బయటికి మాత్రం కొత్తదానిలా ఉంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు తట్టుకోని పాత పైపుల్లో ఇలా జరుగుతుంది. మీ పైపు పాతదైతే బల్బుతో సహా మార్చేయడమే మంచిదని నా అభిప్రాయం. పైపు కొన మీది కనెక్టర్‌లో చిన్న రబ్బరు రింగు ఉంటుంది, అది పగిలినా గాలి పీలుస్తుంది. అదీ చూసుకోండి.

పెట్రోల్ పైపులు ఊడదీసేటప్పుడు ఒక హెచ్చరిక. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగున పేరుకుంటుంది. సిగరెట్, అగ్గిపెట్టె దరిదాపుల్లో ఉండకూడదు. ఒలికితే గుడ్డతో తుడిచి, వాసన పోయేదాకా ఆగి అప్పుడు స్టార్ట్ చేయండి.

మీ మోటార్‌ది పెట్రోల్ సమస్యే అయినా, ఇంకోసారి ఇంకోలా ఆగొచ్చు కాబట్టి మిగతావీ చెప్తాను. ఒక్కసారిగా ఆగిపోయి, ఎంత లాగినా ఉలుకూ పలుకూ లేకపోతే మొదట ఎర్ర తాడు చూడండి. నడిపేవాళ్ల చేతికో జాకెట్‌కో కట్టుకునే ఆ తాడు చివర క్లిప్పు ఊడితే మోటార్ ఆగిపోతుంది, క్లిప్పు పెట్టేదాకా స్టార్ట్ కాదు. బోటులో పిల్లలుంటే వాళ్ల కాలికి తగిలి ఊడిపోవడం మామూలే. దాని తర్వాత గేరు న్యూట్రల్‌లో ఉందా చూడాలి. సెల్ఫ్ స్టార్టర్ ఉన్న మోటారై, మీట నొక్కితే టిక్కుమని ఊరుకుంటే బ్యాటరీ తీగల బిగింపు చూడండి. అలల కుదుపుకు అవి వదులవుతాయి.

మోటార్ గట్టిగా తిరుగుతూ బోటు కదలకపోతే లోపం ఇంజిన్‌ది కాదు. చిన్న మోటార్లలో ప్రొపెల్లర్‌కు అడ్డంగా ఒక మెత్తటి పిన్ను ఉంటుంది. రాయికో మొద్దుకో తగిలినప్పుడు గేర్లు విరగకుండా అది తెగిపోతుంది. కొత్తది వేస్తే సరి. కానీ ఆ పని చేసే ముందు మోటార్ ఆపి, ఎర్ర తాడు క్లిప్పు తీసేసి, స్పార్క్ ప్లగ్ తీగ ఊడదీయండి. ప్రొపెల్లర్ కింద ఒక గుడ్డో సంచో పట్టుకోమని ఒకరికి చెప్పండి, నట్టు నీళ్లలో పడితే ఇక తెడ్లే గతి. అక్కడ గాలం దారం చుట్టుకుని ఉంటే మొత్తం తీసేయాలి. నైలాన్ దారం షాఫ్టు మీదుగా లోపలికి పోయి సీలును కోస్తే గేర్ల నూనెలోకి నీళ్లు చేరతాయి. తర్వాత నూనె మార్చేటప్పుడు అది పాలలా తెల్లగా కనిపిస్తే అర్థం అదే.

హారన్ మోగి మోటార్ తనంతట తానే నెమ్మదిస్తే, వెనక నుంచి సన్నగా చిమ్మే నీటి ధార వస్తోందా చూడండి. అది ఆగిందంటే ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు తిరగడం లేదు. వెంటనే ఆపేయాలి, "ఇంకొంచెం దూరమేగా" అనుకోకూడదు. మోటార్ పైకి లేపి, నీళ్లు పీల్చుకునే జాలీకి ప్లాస్టిక్ సంచో నాచో అడ్డం పడిందేమో తీసేయండి. ధార వచ్చే రంధ్రంలో ఇసుక ఉంటే లావుపాటి గాలం దారం ముక్కతో పొడిస్తే పోతుంది. అయినా ధార రాకపోతే లోపలి నీళ్ల పంపు రెక్కలు పోయినట్టే. అది ఒడ్డుకు చేరాక చేయాల్సిన పని.

ఊరికే తాడు లాగుతూ ఉంటే పెట్రోల్ ఎక్కువై ప్లగ్గు తడిసిపోవడం మరో తలనొప్పి. ఘాటుగా పెట్రోల్ వాసన వస్తే ఆపి పది నిమిషాలు వదిలేయండి. తర్వాత చోక్ తీసేసి, త్రాటిల్ కొంచెం ఎక్కువ ఇచ్చి లాగండి. టెన్షన్‌లో ఉన్న మనిషి ఆ పది నిమిషాలు ఆగలేడు. ఆగమని పక్కనున్నవాళ్లే చెప్పాలి.

సాయం ఎప్పుడు అడగాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. నా పద్ధతి ఏమిటంటే, లంగరు పడగానే గడియారం చూస్తాను. ఇరవై నిమిషాల్లో మోటార్ లేవకపోతే ఫోనో రేడియోనో తీస్తాను. లంగరు పట్టుకోకపోయినా, ఆకాశం మబ్బు పట్టినా, పొద్దు వాలుతున్నా ఆ ఇరవై నిమిషాలు కూడా ఆగను. పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్నప్పుడు త్వరగా అడగడమే సరైన పని, అందులో చిన్నతనం ఏమీ లేదు. సముద్రంలో వీహెచ్‌ఎఫ్ రేడియో ఉంటే, ఆపదలో పిలవడానికి వాడే ఛానల్ 16లో సాయం అడగండి. ఏమీ లేకపోతే, కనిపించే బోటు వైపు తిరిగి రెండు చేతులూ పక్కలకు చాచి నెమ్మదిగా పైకీ కిందికీ పదేపదే ఊపండి. అది ఆపదలో ఉన్నామని తెలిపే అంతర్జాతీయ సంకేతం. ఒక చేయి ఊపితే పలకరిస్తున్నారనుకుని వెళ్లిపోవచ్చు. లాక్కెళ్లేటప్పుడు తాడును ముందున్న బలమైన కొక్కేనికే కట్టండి, నెమ్మదిగా లాగమనండి, తాడు తిన్నగా సాగే దారిలో ఎవరినీ కూర్చోనివ్వకండి. తెగిన తాడు దెబ్బ చాలా తీవ్రంగా ఉంటుంది.

నా పెట్టెలో ఎప్పుడూ ఉండేవి: రెండు స్పార్క్ ప్లగ్గులు, వాటి స్పానరు, పిన్నులు, ఫ్యూజులు, శ్రావణం, కత్తి, అదనపు స్టార్టర్ తాడు, ఇంకో ఎర్ర క్లిప్పు, టార్చి, విజిల్. తెడ్లు బోటులో ఉండి తీరాలి. పెట్రోల్‌లో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలింది ముట్టుకోకుండా ఉంచుతాను. ఎక్కడికి వెళ్తున్నాం, ఎప్పటికి వస్తాం అన్నది ఒడ్డున ఒకరికి చెప్పకుండా తాడు విప్పను.

మీరు ఇప్పుడు చేయాల్సింది ఇది. ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోల్ గాజు సీసాలోకి తీసి కదలకుండా పెట్టి చూడండి. రెండు పొరలుగా విడిపోతే నీళ్లు చేరాయి, ఆ పెట్రోల్ వాడకండి. గాలి మర పూర్తిగా తెరుచుకుంటోందా, ట్యాంకు లోపలి జాలీ శుభ్రంగా ఉందా, ఫిల్టర్ మార్చి ఎంతకాలమైంది, ఇవన్నీ చూశాక పిల్లల్ని ఎక్కించుకోకుండా ఇంకో పెద్దవాళ్లతో బయల్దేరండి. లైఫ్ జాకెట్లు వేసుకుని, ఒడ్డుకు దగ్గరలోనే, అరగంట పాటు మామూలు వేగంతో నడపండి. రెండో మనిషి చేయి బల్బు మీదే ఉండాలి. మళ్లీ ఆగితే, ఆగిన క్షణంలో బల్బు చప్పిడిగా ఉందా, మెత్తగా ఉందా, గట్టిగా ఉందా అన్నది రాసిపెట్టుకోండి. మెకానిక్‌కు "అప్పుడప్పుడు ఆగుతోంది" అని చెప్పడం కన్నా ఆ ఒక్క మాట చెప్తే, ఏ వైపు విప్పాలో ఆయనకు వెంటనే తెలుస్తుంది.