అకడమిక్ ఇంగ్లీషులో ఏ పదం పక్కన ఏ పదం రావాలో ఆటగా నేర్చుకోవడం ఎలా?

మీ ప్రశ్న ఇది: తెలుగు మీడియంలో చదివి ఉస్మానియాలో పీజీ చేస్తున్నారు. పదాల అర్థాలు తెలుసు. అయినా మీరు రాసిన ‘మేక్ రీసెర్చ్’, ‘షో ఎఫెక్ట్’, ‘పుట్ అటెన్షన్’ లాంటి వాటి కింద సార్ ఎర్ర గీతలు పెడుతున్నారు. హాస్టల్లో నలుగురు కూర్చుని ఆడుకోడానికి ఏదైనా ఆట ఉందా అని.

ఉంది, రమ్మీ. విద్యార్థుల చేత ఆడించిన వాటిలో నాకు ఇదే బాగా పనిచేసింది. ఫోన్లో జతలు కలిపే ఆటల్లో ఒక పదానికి ఒకటే జోడీ ఉంటుంది, చివరి మూడు నాలుగు తెలియకపోయినా వాటంతటవే కలిసిపోతాయి. రమ్మీలో ఒక ముక్క రెండు మూడు చోట్ల అతుకుతుంది కాబట్టి ఏది ఉంచాలో, ఏది పడేయాలో ప్రతిసారీ ఆలోచించక తప్పదు.

కోఠీలో ఒకే రంగు మందపాటి ఏ4 షీట్లు మూడు కొనండి. పల్చనివైతే అక్షరాలు వెనక్కి కనిపిస్తాయి. ఒక్కో షీటును 16 ముక్కలు చేస్తే మొత్తం 48. ప్రతి పదాన్నీ రెండు ముక్కల మీద రాయాలి.

నామవాచకాలు 8: రీసెర్చ్, ఎవిడెన్స్, డేటా, ఎ కన్‌క్లూజన్, ఎ హైపోథెసిస్, ఎ రోల్, యాన్ ఎఫెక్ట్, అటెన్షన్. ‘ఎ’, ‘యాన్’ కూడా ముక్క మీదే ఉండాలి. లేకపోతే ‘ఎ రీసెర్చ్’ అనే తప్పు అలాగే మిగిలిపోతుంది.

క్రియలు 16: కండక్ట్, క్యారీ అవుట్, ప్రొవైడ్, గ్యాదర్, కలెక్ట్, ఎనలైజ్, డ్రా, రీచ్, టెస్ట్, రిజెక్ట్, సపోర్ట్, డెవలప్, ప్లే, హ్యావ్, ప్రొడ్యూస్, పే.

నలుగురికీ ఆరేసి ముక్కలు పంచండి, ఒకటి ఓపెన్ చేయండి. ఒక నామవాచకం, దానికి అతికే రెండు వేర్వేరు క్రియలు కలిస్తే ఒక సెట్టు. రెండు సెట్లు పడితే ఏడో ముక్క మూసేసి షో. ‘డ్రా’ ముక్క చేతికొస్తే కన్‌క్లూజన్ కోసం ఉంచుకోవాలా, అటెన్షన్ కోసమా అన్న దగ్గరే అసలు చదువంతా జరుగుతుంది.

షో చేసినవాళ్లు ఒక్కో జోడీతో తమ సబ్జెక్టు మీద పూర్తి వాక్యం చెప్పాలి. చెప్పలేకపోతే షో చెల్లదు. ఈ నియమం మాత్రం సడలించకండి. చూసి గుర్తుపట్టడం ఎవరికైనా వస్తుంది, రాసేటప్పుడు అక్కరకొచ్చేది నోటితో అన్న వాక్యమే. ‘పే అటెన్షన్’ తర్వాత ‘టు’, ‘ప్లే ఎ రోల్’ తర్వాత ‘ఇన్’ వచ్చాయో లేదో మిగతా ముగ్గురూ గమనించాలి.

తగువొస్తే ఓట్లు వేసుకోవద్దు, ఏ పదం పక్కన ఏ పదం వస్తుందో చూపే కొలొకేషన్ డిక్షనరీ తెరవండి. నలుగురూ ఒకే తప్పును ఒప్పనుకునే అవకాశం ఎక్కువ. ‘డూ రీసెర్చ్’ తప్పు కాదు గానీ, థీసిస్‌లో కండక్ట్, క్యారీ అవుట్ నప్పుతాయి.

అందరికీ అలవాటైన నామవాచకాలను ఒకసారికి రెండు చొప్పున వాటి క్రియలతో సహా మార్చండి. అన్నీ ఒకేసారి మారిస్తే కొత్తవి ఒకదాంతో ఒకటి కలగాపులగం అవుతాయి. తెలుగుతో నేరుగా కలిసిపోయే ‘రెయిజ్ ఎ క్వశ్చన్’ లాంటి వాటికి ముక్కలు వృథా చేయకండి. ప్రశ్న లేవనెత్తడం మనకూ ఉంది. ప్రభావం ‘చూపడం’, శ్రద్ధ ‘పెట్టడం’ లాంటి చోట్లే దెబ్బతింటాం, అవి ఏరుకోండి.

క్రియలు కుదిరాక విశేషణాలకు వెళ్లండి. 2013లో వచ్చిన అకడమిక్ కొలొకేషన్ లిస్టులో 2,469 జోడీలున్నాయి, ఎక్కువ భాగం విశేషణం, నామవాచకం కలిసినవే. అందులోంచి మీ సబ్జెక్టు పుస్తకాల్లో నిజంగా కనిపించేవే తీసుకోండి.