పేరు తెలియని యంత్ర భాగాన్ని దుకాణంలో ఎలా అడగాలి?

పాత మోటారు నుంచి ఊడిన భాగం పేరు తెలియనప్పుడు, అది ఏ పని చేస్తుందో, దేనికి బిగించి ఉండేదో ముందు గుర్తించి, వీలైతే ఆ భాగాన్నే విశాఖపట్నం ఆటోనగర్‌లోని దుకాణానికి తీసుకువెళ్లడం మేలు. ఫొటో అయితే పక్కన స్కేలు ఉంచి తీయాలి. ఆ భాగంపై చెక్కిన అంకెలను తప్పక చదవాలి. నా దృష్టిలో పేరు కన్నా అవే ముఖ్యం. బేరింగ్‌పై 6204 అని ఉంటే అది లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లు గల బాల్ బేరింగ్. బోల్టు తలపై ఉండే 8.8 కొలత కాదు, బలాన్ని సూచించే గ్రేడు. బోల్టుకు వ్యాసంతో పాటు పిచ్, అంటే పక్కపక్క మరచుట్ల మధ్య దూరం కూడా కావాలి. ఎం8, అంటే 8 మిల్లీమీటర్ల వ్యాసం గల బోల్టుకు సాధారణంగా ఆ పిచ్ 1.25 మిల్లీమీటర్లు. సముద్రపు గాలికి తుప్పు పట్టిన మరలను వైర్ బ్రష్‌తో శుభ్రం చేసిన తరువాతే కొలవండి.