29 వారాలకే పుట్టిన పాప: ఈ వారం కంటి పరీక్ష తప్పనివ్వకండి

ప్రశ్న: నాకు 29 వారాలకే కాన్పయింది. పుట్టినప్పుడు పాప బరువు 1150 గ్రాములు. 26 రోజులుగా ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూలో) ఉంది. మూడు రోజులు వెంటిలేటర్‌పై ఉంచి, ఆ తర్వాత ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీపాప్‌కు మార్చారు. నా పాలే గొట్టం ద్వారా పడుతున్నారు. మానిటర్ మోగినప్పుడల్లా నా గుండెలు జారిపోతున్నాయి. ఇలా ఎందుకు జరుగుతోంది? పాపను ఇంటికి ఎప్పుడు పంపుతారు? పెద్దయ్యాక తెలివితేటల్లో లోపమేమైనా ఉంటుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడగని విషయం ఒకటి ముందుగా చెబుతాను, ఎందుకంటే దానికి గడువు దగ్గరపడింది. రేపు డాక్టర్ రౌండ్స్‌కు వచ్చినప్పుడు పాపకు కంటి పరీక్ష ఎప్పుడు చేస్తారో అడగండి. 29 వారాలకు పుట్టిన బిడ్డకు, పుట్టాక నాలుగు వారాలు నిండేసరికి మొదటి పరీక్ష జరగాలి. ఇంత ముందుగా పుట్టిన పిల్లల్లో కంటి వెనుక ఉండే రెటీనా అంచుల వరకు రక్తనాళాలు ఇంకా వ్యాపించి ఉండవు. పుట్టాక అవి అడ్డదిడ్డంగా పెరిగితే రెటీనాను లాగి ఊడదీసే ప్రమాదం ఉంది. దీన్నే ఆర్వోపీ అంటారు. పైకి కన్ను మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి తల్లికే కాదు, పిల్లల డాక్టర్‌కు కూడా చూడగానే తెలియదు. కనుపాప విచ్చుకునే చుక్కలు వేసి కంటి నిపుణులే చూడాలి. చికిత్స అవసరమని తేలితే లేజర్ గానీ ఇంజెక్షన్ గానీ రెండు మూడు రోజుల్లోనే ఇవ్వాల్సి ఉంటుంది. ఒకసారి చూసి బాగుందన్నారని ఊరుకోకండి. రక్తనాళాలు పూర్తిగా ఎదిగాయని చెప్పేవరకు, సాధారణంగా వారానికో రెండు వారాలకో ఒకసారి, చూపిస్తూనే ఉండాలి.

ఇక మానిటర్ సంగతి. శ్వాసను నడిపించే మెదడు భాగం పాపలో ఇంకా పూర్తిగా ఎదగలేదు. అందువల్ల ఊపిరి తీసుకోవడం మధ్యమధ్యలో ఆగుతుంది; ఆ విరామం 20 సెకన్లు దాటినా, గుండె వేగం తగ్గినా, ఆక్సిజన్ పడిపోయినా అలారం మోగుతుంది. నర్సు వచ్చి అరికాలిని మెల్లగా రుద్దగానే చాలాసార్లు పాప మళ్లీ ఊపిరి అందుకోవడం మీరు చూసే ఉంటారు. దీనికి ఇచ్చే ప్రధానమైన మందు కెఫీన్, అంటే కాఫీలో ఉండేదే. వారాలు నిండేకొద్దీ ఈ విరామాలు తగ్గిపోతాయి. మానిటర్‌లో ఆక్సిజన్ అంకె 100 చూపించడం లేదని మాత్రం కంగారు పడకండి. ఆక్సిజన్ ఇస్తున్న ఇలాంటి పిల్లల్లో సాధారణంగా 90 నుంచి 95 మధ్య ఉండేలా కావాలనే చూస్తారు, ఎందుకంటే అవసరానికి మించిన ఆక్సిజన్ కళ్లకు హాని చేస్తుంది.

పాపకు వెంటిలేటర్ ఎందుకు పెట్టాల్సి వచ్చిందంటే, ఊపిరితిత్తుల్లోని గాలిగదులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థం 29 వారాలకు తగినంతగా తయారు కాదు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కుమారుడు మీ పాప కంటే దాదాపు ఐదు వారాలు ఎక్కువ నిండి పుట్టి కూడా ఈ కారణంగానే 39 గంటలకు చనిపోయాడు. కాన్పుకు ముందు తల్లికిచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, బిడ్డ ఊపిరితిత్తుల్లోకి ఇచ్చే సర్ఫాక్టెంట్, సీపాప్ ఇవన్నీ ఆ తర్వాత వచ్చినవే. మంచి సదుపాయాలున్న చోట మీ పాపలాంటి పిల్లల్లో అత్యధికులు ఇప్పుడు బతుకుతున్నారు. మూడు రోజుల్లోనే వెంటిలేటర్ తీసేయగలగడం మంచి సూచన. గర్భంలో గడిపిన వారాలు, పుట్టాక గడిచినవి కలిపి 36 వారాల సమయానికి కూడా ఆక్సిజన్ అవసరమైతే దాన్ని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల సమస్యగా పరిగణిస్తారు. ఆ లెక్కన మీ పాపకు ఇప్పుడు 32 వారాలు దాటాయి కాబట్టి ఇంకా సమయం ఉంది.

ఈ దశలో మీరు చేయగలిగినది చాలా ఉంది. ముందుగా పుట్టిన పిల్లల పేగులు వాచి కుళ్లిపోయే ప్రమాదకరమైన జబ్బును తగ్గించడంలో తల్లిపాలను మించినది లేదు. రోజుకు కనీసం ఎనిమిది సార్లు, రాత్రి కూడా ఒకసారి, పాలు పిండండి. చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ కుదురుకునేది 34 వారాల ప్రాంతంలో కాబట్టి అప్పటిదాకా గొట్టమే దారి. కంగారూ మదర్ కేర్ గురించి కూడా అడగండి. పాప నిలకడగా ఉంటే సీపాప్ ఉన్నా చేయవచ్చు. డైపర్, టోపీ తప్ప ఇంకేమీ లేకుండా పాపను మీ రొమ్ముల మధ్య నిలువుగా ఆనించి, తల ఒక పక్కకు తిప్పి, కాళ్లు కప్పలా మడిచి, చుట్టూ గుడ్డ కడతారు. రోజుకు 8 గంటలకు తగ్గకుండా చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

సొంతంగా ఊపిరి తీసుకుంటూ, ఒంటి వేడి నిలుపుకుంటూ, నోటితో పాలు తాగి బరువు పెరుగుతూ, కొన్ని రోజులపాటు శ్వాస ఆగకుండా ఉంటే ఇంటికి పంపుతారు. చాలామంది విషయంలో అది అసలు కాన్పు తేదీకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది.

తెలివితేటల గురించి ఈ రోజు ఎవరు కచ్చితంగా చెప్పినా నమ్మకండి. మెదడులో రక్తస్రావం ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే జరుగుతుంది. తల స్కాన్‌లో ఏముందో అడిగి తెలుసుకోండి. చిన్న రక్తస్రావం సాధారణంగా పెద్ద నష్టం లేకుండా తగ్గిపోతుంది. పెద్దదైనా, నరాల తంతువులు దెబ్బతిన్నా కాళ్లూ చేతుల కదలికల్లో లోపం వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇలా పుట్టినవారిలో ఎక్కువమంది పెద్ద వైకల్యమేమీ లేకుండానే ఎదుగుతారు. అయితే ఏకాగ్రతలోనూ లెక్కల్లోనూ ఇబ్బంది మిగతా పిల్లల కంటే వీరిలో ఎక్కువ, అది బడికి వెళ్లే వయసులో గానీ బయటపడదు. రెండేళ్లు వచ్చేవరకు ఎదుగుదలను చూసేటప్పుడు ముందుగా పుట్టిన 11 వారాలు వయసులోంచి తీసేసి లెక్కవేయండి; ఆరు నెలల పాపను మూడున్నర నెలల పాపగా చూడాలి. టీకాలకు మాత్రం ఈ తీసివేత లేదు, అవి పుట్టిన తేదీ ప్రకారమే. డిశ్చార్జ్‌కు ముందు వినికిడి పరీక్ష చేయించి, తర్వాతి కంటి పరీక్ష తేదీని కాగితంపై రాయించుకోండి.