జిమ్ రీవ్స్ క్రిస్మస్ పాటల సీడీ: 12 పాటలదా, 20 పాటలదా?

మీ నాన్నగారికి అమెరికన్ కంట్రీ గాయకుడు జిమ్ రీవ్స్ క్రిస్మస్ పాటలు కొనిద్దామంటే ఒక సీడీలో 12, ఇంకోదాంట్లో 20 ఉన్నాయి, 20 ఉన్నదే తీసుకోనా అని అడిగారు. వద్దండీ. ఆ తప్పు నేను చేసేశాను.

రీవ్స్ బతికుండగా చేసిన క్రిస్మస్ ఆల్బమ్ ఒక్కటే, 1963లో ఆర్‌సీఏ విక్టర్ అనే రికార్డుల కంపెనీ వాళ్లు వేసిన 'ట్వెల్వ్ సాంగ్స్ ఆఫ్ క్రిస్మస్'. పేరులోనే ఉంది, పాటలు పన్నెండు. మరుసటి ఏడాది జులై 31న నాష్‌విల్ దగ్గర, గాలివానలో, తను నడుపుతున్న చిన్న విమానం కూలి చనిపోయాడు. నలభై ఏళ్లు. ఇక కొత్తవి ఎక్కడినుంచి వస్తాయి? నేను చూసిన కంపైలేషన్లన్నీ ఆ పన్నెండునే అటూ ఇటూ మార్చి పేర్చినవే. లెక్క 20కి పెంచాలంటే 'వి థ్యాంక్ దీ' లాంటి భక్తి పాటల ఆల్బమ్‌లలోంచి తెచ్చి కలుపుతారు. మంచి పాటలే, కానీ ఆదివారం పొద్దున వినేవి.

నేను సికింద్రాబాద్‌లో ఒక షాపులో 20 పాటలది కొని గుంటూరు పట్టుకెళ్లాను. రెండో పాటకే నాన్న "ఇది రీవ్స్ గొంతు కాదురా" అన్నారు. కవర్ వెనక చూస్తే చీమ తలకాయంత అక్షరాల్లో వేరే గాయకుడి పేరు. ఎలా కనిపెట్టారంటే, "వీడు స్టేజీ మీద నించుని పాడుతున్నాడు. రీవ్స్ మన పక్క కుర్చీలో కూచుని పాడతాడు" అన్నారు. నిజమే. 1957లో 'ఫోర్ వాల్స్' పాట నుంచి రీవ్స్ మైకుకి దాదాపు పెదాలు ఆనించి, గొంతు బాగా తగ్గించి పాడేవాడు. ఆ పాట ఒకసారి విని వెళ్లండి, నకిలీ మీకూ దొరికిపోతుంది.

మా ఇంట్లో అసలు క్యాసెట్ ఉండేది. 'యాన్ ఓల్డ్ క్రిస్మస్ కార్డ్'లో పాట ఆపి మామూలుగా మాట్లాడే ముక్క ఒకటుంది. సరిగ్గా అక్కడే టేపు నలిగి, గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుండేది. పెన్సిల్ దూర్చి తిప్పి బిగించడం నా పని. అమ్మ కజ్జికాయలు చుడుతూ ఏదో అడగబోతే, ఆ ముక్క అయ్యేదాకా నాన్న చెయ్యెత్తి ఆపేవారు. ఇప్పుడు శుభ్రమైన సీడీలో అదే వింటుంటే నాకేదో తక్కువైనట్టే ఉంటుంది.

పాటల వరస కూడా చూసుకోండి. అసలు ఎల్పీ (రెండు వైపులా పాటలుండే పెద్ద గ్రామఫోను రికార్డు) 'జింగిల్ బెల్స్'తో సందడిగా మొదలై, రెండో వైపు నెమ్మదిగా బేత్లెహేము పాటల్లోకి దిగి, 'సైలెంట్ నైట్'తో ఆగిపోతుంది. నా దగ్గరున్న ఒక కంపైలేషన్‌లో 'సైలెంట్ నైట్' కాగానే 'మెర్రీ క్రిస్మస్ పోల్కా' పెట్టారు! ఆరాధన మధ్యలో బ్యాండు మేళం వచ్చినట్టుంది. 'సెన్యోర్ శాంటా క్లాజ్' మాత్రం ఎక్కడ పెట్టినా నాకు ఎక్కదు, నాన్నకి భలే ఇష్టం.

కాబట్టి 12 పాటలదే తీసుకోండి, వెనక ఆర్‌సీఏ పేరుందో లేదో చూసి. అన్నట్టు, ఇంట్లో సీడీ ప్లేయర్ తిరుగుతోందా? మాది నిరుడు మూలపడితే, ఆ పన్నెండూ ఎల్పీ వరసలోనే పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి తగిలించాను. మాటల ముక్క రాగానే నాన్న చెయ్యి ఇప్పటికీ లేస్తుంది.