పాత బ్లూస్ పాడబోతున్న మేనకోడలికి

చి. బుజ్జమ్మకు,

మెంఫిస్ నుంచి మావయ్య దీవెనలు.

నిన్న అక్క ఫోన్ చేసి నీ సంగతి చెప్పింది. బ్లూస్ అని ఇక్కడి అమెరికా నల్లవాళ్ల పాటలు పాడిన పాతవాళ్లకు నివాళిగా ఆరు పాటలు రికార్డు చేస్తున్నావట, హైదరాబాదులో స్టూడియో కూడా మాట్లాడేసుకున్నావట. చెబుతుంటే అక్కకి గర్వం ఆగలేదు. చివర్లో మాత్రం గొంతు తగ్గించి, "అదేదో గరగర గొంతు పెట్టి పాడుతోందిరా, పక్క గదిలో వింటుంటే నాకు భయమేస్తోంది" అంది. అప్పట్నుంచి నాకూ అదే భయం పట్టుకుంది. అందుకే వాట్సాప్‌లో నాలుగు ముక్కలు పడేయకుండా కూర్చుని రాస్తున్నాను.

ముందు గొంతు. చార్లీ ప్యాటన్, సన్ హౌస్, బ్లైండ్ విల్లీ జాన్సన్ లాంటి వాళ్ల గొంతులు విని అలా పాడాలనిపించడం సహజమే. కానీ ఆ బొంగురు వాళ్ల ఒంటిది, వాళ్ల బతుకుది. మైకులేని చోట, వీధిలో, పదిమంది కేకల మధ్య వినబడాలని పాడినవాళ్లు. నీకు మైకుంది. మీ అమ్మ కాలేజీలో ఉండగా జలుబుతోనే పోటీలో పాడింది. వద్దని ఇంట్లో అందరూ చెప్పారు, వినలేదు. బహుమతి వచ్చింది, తారస్థాయి పోయింది. ఇప్పటికీ పై షడ్జం దగ్గరికి రాగానే ఆగి నవ్వేస్తుంది చూడు. ఆ నవ్వు చూస్తే నాకు కడుపులో దేవినట్టుంటుంది. నీకా నవ్వు రాకూడదు. గొంతు గరగర పెట్టి పాడడం ఈ రోజుతో మానెయ్. ఆ యాస కూడా. మిసిసిపీ డెల్టా నల్లవాళ్ల యాసను అరువు తెచ్చుకుని పాడితే వినేవాళ్లకి వెక్కిరింపులా ఉంటుంది. వాళ్ల మనవలు ఇంకా ఇక్కడే ఉన్నారు, నేను రోజూ చూస్తుంటాను.

విల్లీ జాన్సన్ మీద అంత ఇష్టముంటే, 1927 డిసెంబరులో డాలస్‌లో ఆయన రికార్డు చేసిన 'డార్క్ వాజ్ ద నైట్, కోల్డ్ వాజ్ ద గ్రౌండ్' తీసుకో. అందులో మాటలు లేవు. తీగల మీద జారే స్లైడు గిటారు, మూలుగు, అంతే. 1977లో వోయేజర్ అంతరిక్ష నౌకల్లో పెట్టి పంపిన బంగారు రికార్డు మీద ఆ పాట కూడా ఉంది. పాడినాయన మటుకు 1945లో బోమాంట్‌లో పేదరికంలోనే పోయాడు. నీ గొంతుకి హమ్మింగ్ బాగుంటుంది. చిన్నప్పుడు ఉయ్యాల్లో ఊగుతూ గంటలు గంటలు తీసేదానివి.

మామూలు విషయాలు నీకు తెలిసినవే. స్టూడియోకి వెళ్లే ముందు కొత్త తీగలు వేసి రెండు రోజులు సాగనివ్వు. ఒకే ట్యూనింగులో ఉన్న పాటలన్నీ ఒకే పూట ముగించుకో. ప్రతి పాట హక్కులూ ఎవరివో కనుక్కుని లైసెన్సు తీసుకో, వీడియో పెట్టేటట్టయితే దానికి వేరే అనుమతి కావాలి.

నీ పాటల జాబితా అక్క పంపింది. ఆరుగురూ మగవాళ్లే! చదివి నిజంగా కోపం వచ్చింది. అసలు 1920లో మేమీ స్మిత్ పాడిన 'క్రేజీ బ్లూస్' అమ్ముడుపోయాకే కదా కంపెనీలకు ఈ పాటల మీద కన్ను పడింది? 'మా' రెయినీ, బెస్సీ స్మిత్ అనే గాయనులు గుడారాల్లో, థియేటర్లలో జనాన్ని ఊపేస్తున్న రోజులకి రాబర్ట్ జాన్సన్ ఇంకా పిల్లాడు. నువ్వు ఆడపిల్లవై ఉండి, గిటార్ పట్టుకుని, గిటారు వాయిస్తూ పాడిన మెంఫిస్ మినీ పేరు రాయకపోవడం ఏమిటి?

ఇక పోస్టరు. నాలుగు రోడ్ల కూడలి, ఎర్ర కళ్ల సైతాను, దాని చేతిలో గిటారు. బొమ్మ వేసిన కుర్రాడి చెయ్యి బాగుంది. కానీ అది వద్దు. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి, ఓపిగ్గా చదువు.

రాబర్ట్ జాన్సన్ కూడలిలో సైతానుకి ఆత్మ అమ్ముకుని గిటారు నేర్చుకున్నాడని అంటారు కదా, ఆ కథ మొదట చెప్పింది వేరే ఆయన గురించి. టామీ జాన్సన్ అనే ఇంకో బ్లూస్ గాయకుడి గురించి ఆయన సొంత అన్న లెడెల్ చెప్పాడు. తర్వాత అది రాబర్ట్‌కి అంటుకుంది. నువ్వు పాడబోయే రాబర్ట్ 'క్రాస్ రోడ్ బ్లూస్' మాటలు మళ్లీ విను. అందులో సైతాను లేడు. మోకాళ్ల మీద పడి దేవుణ్ణి దయ చూపమంటాడు. పొద్దుగూకుతోంది, చెయ్యెత్తితే ఏ బండీ ఆపడం లేదు. ఆ రోజుల్లో మిసిసిపీలో ఒంటరి నల్లకుర్రాడు చీకటిపడ్డాక రోడ్డు మీద కనబడితే ఏం జరిగేదో తెలిసి వింటే ఆ పాటలో భయం ఎవరి గురించో అర్థమవుతుంది. పైగా ఆయనకి విద్య నేర్పిన మనిషి ఒకాయన ఉన్నాడు. హేజిల్‌హర్స్ట్ వైపు ఐక్ జిమ్మర్‌మన్ అని, రాత్రిళ్లు శ్మశానంలో ఎవరికీ ఇబ్బంది లేకుండా కూర్చోబెట్టి వాయింపించాడు. ఆ గురువు పేరు ఎవరికీ గుర్తులేదు, సైతాను పేరు అందరికీ తెలుసు. మన ఇంట్లో పిల్లవి, గురువు పేరు చెప్పకుండా కచేరీ మొదలుపెట్టని ఇంట్లో పుట్టావు. ఆ బొమ్మ నీకెలా నచ్చింది?

ఇంకొకటి చెబుతాను. రాబర్ట్‌కి క్లాడ్ అని ఒక కొడుకు. తాతా అమ్మమ్మా పెంచారు. వాళ్లు చర్చి మనుషులు, బ్లూస్ అంటే సైతాను పాటలని నమ్మినవాళ్లు. ఐదారేళ్ల పిల్లాణ్ణి చూడ్డానికి తండ్రి వస్తే లోపలికి రానివ్వలేదు, పిల్లాణ్ణి బయటికి పంపలేదు. వాడు గుమ్మంలో నిలబడ్డాడు, తండ్రి కింద వాకిట్లో నిలబడ్డాడు. అంతకన్నా దగ్గరికి ఇద్దరూ ఎప్పుడూ రాలేదని క్లాడ్ పెద్దయ్యాక చెప్పాడు. 1938 ఆగస్టులో గ్రీన్‌వుడ్ దగ్గర రాబర్ట్ చనిపోయాడు, 27 ఏళ్లకే. రికార్డు చేసినవి మొత్తం 29 పాటలు. క్లాడ్ కంకర లారీ తోలుకుని బతికాడు.

ఇటు పాటల సంగతి చూడు. 1937లో డాలస్‌లో రాబర్ట్ పాడిన 'లవ్ ఇన్ వెయిన్'ని 1969లో రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లీషు రాక్ బృందం వాళ్లు తీసుకున్నారు. బాగా చేశారు, కాదనను. అందులో రై కూడర్ వాయించిన మాండలిన్ వింటే ఇప్పటికీ చేతిలో పని ఆపేస్తాను. కానీ రికార్డు మీద పాట రాసినాయనగా వేసిన పేరు వుడీ పేన్. అలాంటి మనిషే లేడు! స్టేషన్లో పెట్టె పట్టుకుని రైలెక్కిపోతున్న మనిషి వెనక నడిచినవాడి దుఃఖం, దాని కింద ఒక ఉత్తుత్తి పేరు. కొన్ని లక్షల ఇళ్లలో ఆ రికార్డు తిరిగింది. వ్యవహారం కోర్టుకెక్కింది. ఆ పాటలు ఎవరైనా వాడుకోగల ఉమ్మడి సొత్తేనని ఒక పక్షం వాదించింది, కాదని 2000లో అప్పీలు కోర్టు చెప్పింది. రాబర్ట్‌కి వారసుడు క్లాడేనని మిసిసిపీ సుప్రీం కోర్టు ఖాయం చేసిందీ ఆ ఏడే. అప్పటికి ఆయనకి డెబ్బైకి దగ్గర. గుమ్మంలో నిలబడ్డ పిల్లాడికి తండ్రి కష్టార్జితం అందడానికి ఒక జీవితకాలం పట్టింది.

పేరు సరిగ్గా రాస్తే ఏమవుతుందో కూడా చూడు. స్కిప్ జేమ్స్ అనే బ్లూస్ గాయకుడు 1931లో గ్రాఫ్టన్‌లో పాడి, డబ్బు రాక, ఆ దారే వదిలేశాడు. 1964లో కుర్రాళ్లు వెతుక్కుంటూ వెళ్లేసరికి ట్యూనికాలో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. 1966లో క్రీమ్ అనే ఇంగ్లీషు రాక్ బృందం వాళ్లు ఆయన 'ఐ యామ్ సో గ్లాడ్' పాడి ఆయన పేరే రాశారు. ఆ రాయల్టీ ఆ జబ్బు రోజుల్లో ఆయన చేతికి అందింది. పాట ఎలా పాడారన్నది ఆయనకి నచ్చిందో లేదో, ఆ డబ్బు మాత్రం వైద్యానికి పనికొచ్చింది.

అందుకే అంటున్నాను, రాత పని పాట పనికన్నా ముందు పూర్తిచెయ్. 'ట్రెడిషనల్' (ఎవరు కట్టారో తెలియని పాత పాట) అన్న మాట దొరికిందని ఊరికే రాసేయకు. నువ్వు ఎవరి రికార్డు విని నేర్చుకున్నావో ఆ పేరు, మొదట పాడినవాళ్ల పేరు, ఏ ఏడాది, ఏ ఊళ్లో పాడారో అన్నీ ఉండాలి.

వాయింపు దగ్గరికి వద్దాం. చెవిలో టిక్కుటిక్కుమని తాళం కొట్టే క్లిక్ ట్రాక్ పెట్టకు. 'క్రాస్ రోడ్ బ్లూస్'ని క్రీమ్ వాళ్లు 'క్రాస్‌రోడ్స్' అని పాడితే పన్నెండు బార్ల (తాళం ఆవర్తాల) లెక్కలో చక్కగా తిరుగుతుంది, రాబర్ట్‌ది అలా తిరగదు. ఊపిరి ఎక్కడ ఆగితే బార్ అక్కడ సాగుతుంది, ఇంకోచోట తరుగుతుంది. డ్రమ్ముల అబ్బాయి విసుక్కుంటాడు, విసుక్కోనీ. గాంధారం గురించి నీకు చెప్పక్కర్లేదు. వాళ్ల గాంధారం మన సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో నిలుస్తుంది, ఒకే వరసలో రెండుసార్లు వస్తే రెండుచోట్ల నిలుస్తుంది. నీకు వీణ మీద తీగ లాగడం అలవాటు కాబట్టి చెయ్యి దానంతట అదే వెళ్తుంది. వెళ్లాక అక్కడ ఆగు. గమకాలతో అలంకరించకు.

మిసిసిపీ జాన్ హర్ట్ పాట ఉంచుకున్నందుకు ముద్దొచ్చావు. ఆయన బొటనవేలు చూడు. నాలుగో తీగ, ఆరో తీగ, ఐదో తీగ అంటూ పాట మొత్తం గడియారంలా తిరుగుతూనే ఉంటుంది. చూపుడువేలు, మధ్యవేలు పైతీగల మీద వాళ్ల దారిన వాళ్లు కబుర్లు చెప్పుకుంటారు. వారం పాటు బొటనవేలు ఒక్కటే వాయించు, మీ అమ్మతో మాట్లాడుతూ వాయించు. మాట తడబడకపోతే పాట మొదలుపెట్టొచ్చు. 1928లో పాడి ఊరెళ్లిపోయిన ఆ రైతుని, పాటలో వచ్చే ఆవలాన్ అన్న ఊరి పేరు పట్టుకుని 1963లో వెతికి పట్టుకున్నారు. అప్పుడాయన దగ్గర గిటారే లేదు. గొంతు ఎంత మెత్తగా ఉంటుందో! నీకు సరిపోయే గొంతు అదీ.

మెంఫిస్ మినీది 'వెన్ ద లెవీ బ్రేక్స్' పాడు. 1929లో కాన్సాస్ జో మెక్‌కాయ్‌తో కలిసి చేసింది, గొంతు అతనిది, గిటార్లు ఇద్దరివీ. 1927లో మిసిసిపీ నది వరదకి కట్టలు తెగినప్పటి పాట. తుపాకులు పెట్టి నల్లవాళ్లచేత ఇసుక బస్తాలు మోయించారు, గ్రీన్‌విల్‌లో కట్ట మీదే గుడారాల్లో పడేసి ఉంచారు. తర్వాత అదే పాట పాడిన లెడ్ జెపెలిన్ అనే రాక్ బృందం వాళ్ల ఉరుముల డ్రమ్ము మరిచిపోయి మొదటి రికార్డు విను. గిటారు ఎంత తేలిగ్గా నడుస్తుందో, మాటలు ఎంత మామూలుగా వస్తాయో. 1977 ఉప్పెన తర్వాత మన దివిసీమలో మనుషులు అలాగే మాట్లాడేవాళ్లు. ఎవరు పోయారో, ఏ గొడ్డు ఎక్కడ తేలిందో, ఏడుపు లేకుండా చెప్పేవాళ్లు. మీ అమ్మని అడుగు, ఇన్నాళ్లూ నీకు చెప్పి ఉండదు. అడిగి, విని, ఆ తర్వాత పాడు.

మినీ సమాధి మా ఊరికి దక్షిణంగా వాల్స్‌లో ఉంది. 1996లో గాయని బోనీ రెయిట్ డబ్బు పెట్టే దాకా దాని మీద రాయి లేదు. బెస్సీ స్మిత్‌కీ అంతే, 1937లో పోతే 1970లో గాయని జానిస్ జాప్లిన్, హ్వానిటా గ్రీన్ అనే ఆవిడ కలిసి రాయి వేయించారు. రాబర్ట్‌కైతే మూడు చోట్ల రాళ్లున్నాయి. నువ్వు వస్తే అన్నీ తీసుకెళ్తాను, కారు నేనే నడుపుతాను, మీ అత్తయ్య పులిహోర కడుతుంది.

స్టూడియో తేదీ వారం వాయిదా వేసుకో. ఆ వారంలో పోస్టరు మార్పించు, జాబితాలో ఇద్దరు ఆడవాళ్లని చేర్చు, పేర్ల కాగితం రాసి పాటలకన్నా ముందు నాకు పంపు. ఒక్కో పేరూ నేను సరిచూస్తాను. ఖర్చుకి డబ్బు ఎంత తక్కువైందో దాచకుండా చెప్పు, మీ నాన్నకి తెలియనక్కర్లేదు. ఉదయం లేవగానే గొంతు పట్టేసినట్టుంటే ఆ రోజు పాడకు, ఎన్ని డబ్బులు కట్టి ఉన్నా సరే.

ఇట్లు
మీ మావయ్య